పుట్టింటి గంజీఫా పెట్టె

స్త్రీధన మనగానే మనకు నగలును, పట్టుచీరలును, వెండిచెంబులును జ్ఞప్తికి వచ్చును. ఆటవస్తువు కూడ స్త్రీధనమే యనినచో ననేకులు నవ్వుదురు. కాని మూడు తరముల స్త్రీల చేతులు మారి మా యింటికి వచ్చిన యొక గంజీఫా పెట్టె మూలమున, గడచిన సంవత్సరము మా యింట ధర్మశాస్త్రము, చరిత్ర, చట్టము, వర్తకము అన్నియు నొక్కమారు చర్చకు వచ్చినవి. ఆ సంగతులు సోదరీమణులకు కొంత యుపయోగపడునను తలంపుతో నీ వ్యాసమును వ్రాయుచున్నాను.

మా అత్తగారి పుట్టినిల్లు దివిసీమలో అవనిగడ్డకు సమీపముననున్న యొక చిన్న గ్రామము. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెనలో ఆ యిల్లును, ఇంటిలోని పెట్టెలును, పుస్తకములును సమస్తము పోయినవి. ఒక్క గంజీఫా పెట్టె మాత్రము, 1966లో వివాహమైనపుడు ఆమెతో బెజవాడకు వచ్చియుండుటచేత మిగిలినది. కావున నది ఆటవస్తువు మాత్రమే కాదు. ఆమెకు పుట్టింటి గుర్తుగా ఈ లోకమున నిలిచిన వస్తువు అదియొక్కటే.

ఇట్టిదానిని అమ్మవలెనని ఆమెయే సంకల్పించినది. కారణము చెప్పెదను. నా ఆడబిడ్డ కాలముచేయగా ఆమె కుమార్తె మా యింటనే పెరుగుచున్నది. ఇంటర్మీడియటులో మంచి మార్కులతో నుత్తీర్ణురాలై, నర్సింగు చదువవలెనని ఆ పిల్ల పట్టుపట్టినది. మావారు బడిపంతులు. ఆ జీతముతో సంసారము గడచునుగాని, కళాశాలకు కట్టవలసిన రుసుము ఒక్కమారుగా నిచ్చుటకు చాలదు. అప్పుడు మా అత్తగారు నన్ను పిలిచి, "అమ్మాయీ! నా చేతిలోనున్నది ఈ పెట్టె యొక్కటే. దీని వెల యెంతయో నీవు కనుగొనవలె. నా మనుమరాలి చదువున కది యెంతవఱకు వచ్చునో చూతము" అనెను.

ఆ దినము మొదలుకొని నాకు క్రొత్త చదువు ప్రారంభమైనది. నా చిన్నతనమున మా తండ్రిగారు నాకు ఇంటనే భారతమును, నైషధమును చెప్పించిరి. ధర్మరాజు జూదము, నలుని జూదము, విరాటుని కొలువున కంకుభట్టు సారెలాడుట ఎఱుగుదును గాని, గంజీఫా యనునది యేమియో నాకు స్వల్పముగనే తెలియును. మావారు సాయంకాలములందు ఇంగ్లీషు గ్రంథములను చదివి అర్థము చెప్పుచుండగా నేను నోటుపుస్తకములో వ్రాసికొంటిని.

గంజీఫా యనగా గుండ్రని పేకముక్కలతో ఆడు ఆట. ఇది పారసీకదేశపు మార్గమున మనకు వచ్చినదని పండితు లందురు. 1527లో బాబరు సింధుదేశమునందలి షా హసనుకు, అతడు కోరగా, గంజీఫా ముక్కలను పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. అక్బరు కాలపు ఆటను అబుల్ ఫజలు ఐన్-ఇ-అక్బరీలో వర్ణించెను. అందు 12 రంగులు, రంగునకు 12 చొప్పున 144 ముక్కలు కలవు. తరువాత వ్యాప్తిలోనికి వచ్చిన మొగలు గంజీఫాలో 8 రంగులు, 96 ముక్కలు. మన దేశీయు లా యాటను తమ దానినిగా చేసికొని, రంగులకు దశావతారముల నుంచి, 120 ముక్కల దశావతార గంజీఫాను కల్పించిరి. మైసూరు నేలిన మూడవ కృష్ణరాజ ఒడయరుగారు తమ శ్రీతత్త్వనిధియందు కౌతుకనిధి యను భాగమున ఇట్టి యాటలను పెక్కింటిని వివరించిరి. మహారాష్ట్రమున సావంతవాడియందును, వంగదేశమున విష్ణుపురమందును, ఓఢ్రదేశమున రఘురాజపురమందును ఇవి తయారగుచుండెడివి. మన తెలుగునాట నిర్మలయును, ప్రస్తుతము నంద్యాల జిల్లాలోనున్న నొస్సమును ఈ పనికి పేరుపడిన తావులు.

జర్మనీలో జన్మించి బొంబాయిలో చాలకాలము నివసించిన రుడాల్ఫు ఫాన్ లైడెన్ అను నాతడు ఊరూరను తిరిగి గంజీఫాలను సేకరించి, వాని విషయమై గ్రంథములు వ్రాసెను. 1982లో లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమున జరిగిన గంజీఫా ప్రదర్శనమునకు గ్రంథము నాతడే కూర్చెను. మనము అటకమీద పడవైచిన వానిని పరదేశపు విద్వాంసుడు లెక్కపెట్టి గ్రంథస్థము చేసెనను మాట నన్ను మిగుల నాలోచింపజేసినది.

పిమ్మట మా పెట్టెను తెఱచి లెక్క ప్రారంభించితిని. పెట్టె తెల్లపొణికి కఱ్ఱతో చేసినది. కొండపల్లి బొమ్మలు చేయు కఱ్ఱయు నిదియే, తేలికగానుండును. ముక్క యొక్కొక్కటి ఇంచుమించు మూడంగుళముల వెడల్పుగల బిళ్ల. పాతగుడ్డను పొరలు పొరలుగా చింతగింజల జిగురుతో నంటించి, సుద్దపూత పూసి, నునుపు దేలునట్లు రాచి, గుండ్రముగా కత్తిరించి, రంగులతో బొమ్మవ్రాసి, పైని లక్కపూత వేసిన బిళ్లలవి. ఏనుగుదంతముతోను, తాబేటిచిప్పతోను రాజుల కొఱకు చేసినవి దర్బారు గంజీఫాలు; ఇట్లు గుడ్డతో సామాన్యుల కొఱకు చేసినవి బజారు గంజీఫాలు. మాది రెండవ తెగ.

ప్రతి రంగునకు ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి మొదలు పది వఱకు లెక్కముక్కలు, వెరసి 12. మా పెట్టెలో మత్స్యమునకు చేప, కూర్మమునకు తాబేలు, వరాహమునకు శంఖము, నారసింహమునకు చక్రము, వామనునకు కమండలువు, పరశురామునకు గండ్రగొడ్డలి, రామునకు బాణము, కృష్ణునకు ఆవు, బుద్ధునకు పద్మము, కల్కికి కత్తి గుర్తులుగా నున్నవి. ఈ గుర్తులు దేశమునుబట్టి మారుచుండును; ఓఢ్రదేశమున బుద్ధుని స్థానమందు జగన్నాథు డుండుట కలదు. తెల్లని దుప్పటి పఱచి పది వరుసలుగా పేర్చి చూడగా 117 ముక్కలు తేలినవి. రాజులు పదిమందియు నున్నారు. మంత్రులలో కల్కి మంత్రి లేడు. చేపలలో ఏడును, శంఖములలో నాలుగును లేవు. ఉన్నవానిలో కమండలువు తొమ్మిదియు, పద్మము రెండును తక్కినవానివలె గుడ్డతో చేసినవి కావు. దళసరి కాగితముపై ఎవరో తరువాత వ్రాసి చేర్చినవి. లక్క మెఱుపు లేదు, పద్మపు రేకులు ముద్దగా నున్నవి. మా అత్తగారు వానిని చేతబట్టి, "ఇవి మా అమ్మ చేసినవి. వర్షాకాలమున చెడిపోగా ఆట ఆగిపోవునని తానే చేసెను" అని చెప్పినది. వర్తకుని దృష్టికి అవి లోపములు. ఆమెకు మాత్రము పెట్టెలో నన్నిటికంటె విలువైనవి ఆ రెండే.

పెట్టె అడుగున పసుపుగుడ్డలో చుట్టిన కాగితములు రెండు దొఱకినవి. ఒకటి మా అత్తగారి అమ్మమ్మగారి లగ్నపత్రిక. పరీధావి సంవత్సర జ్యేష్ఠమాసము, అనగా 1912. రెండవది ఆమెతో పంపిన సారె జాబితా. బిందెలు, చీరలు, పందిరిమంచము, కావిడిపెట్టెల నడుమ "గంజీపా పెట్టె 1" అని స్పష్టముగా నున్నది. వస్తువు ఎంత పాతదో నోటిమాటతో చెప్పిన నెవరు నమ్ముదురు? ఇట్టి చీటి యొక్కటి సాక్ష్యముగా నున్నచో వంద వాదములకు సమాధానమగును.

ఇంతలో ఈ వార్త ఇంటిలోనివారి చెవిని బడినది. బావగారు మచిలీపట్టణమునుండియు, మఱిది హైదరాబాదునుండియు వచ్చిరి. మఱిది లెక్కలలో నేర్పరి. "117 ముక్కలు, ముగ్గు రన్నదమ్ములము. మనిషికి 39. ఎవరి భాగము వారు అద్దముకట్టించి గోడకు తగిలించుకొందము, లేదా అమ్ముకొందము" అనెను. లెక్క సరిగా తెగినది గదాయని అందఱును నవ్విరి. మా అత్తగారు నవ్వలేదు. ముగ్గు రాడునపుడు మనిషికి నలుబది ముక్కలు పంచుట ఆ యాటలో వాడుక. ఆటలో పంచినది ఆట ముగియగానే తిరిగి పెట్టెలోనికి వచ్చును. ఇంటిలో పంచినది మఱల రాదు.

ఆమె చెప్పిన సమాధానమును నేను మఱవజాలను. "నాయనలారా! ఇది మీ తండ్రి యార్జించినది కాదు. మా అమ్మమ్మ మా అమ్మకు, మా అమ్మ నాకు ఇచ్చినది. నేను బ్రతికియుండగా దీనిని పంచుకొనుటకు మీ రెవరు? నేను చచ్చినపిమ్మట నిది మిగిలియున్న, అప్పుడు తగవాడుకొనుడు" అనెను. ఆమె చెప్పినది ధర్మముమాత్రమే కాదు, శాసనముకూడ. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ విభాగము ప్రకారము, వివాహమునకు ముందుగాని, వివాహమందుగాని, తరువాతగాని కానుకగా వచ్చిన యాస్తిమీద హిందూస్త్రీకి సంపూర్ణాధికారము కలదు. మావారు ఆ విభాగమును బిగ్గరగా చదివి వినిపించిరి. బావగారు న్యాయమెఱిగినవారు గనుక, "అమ్మ యిష్టమే మాకు ప్రమాణము" అని లేచిరి. మఱిదియు నటుపిమ్మట ఆ ప్రసక్తి తేలేదు.

ఇక వర్తకుల సంగతి. మొదటి వర్తకుడు పెట్టెను పైపైన చూచి, "పాత పేకముక్కలు, ముక్కలు తక్కువ కూడ నున్నవి" అని 6,000 రూపాయ లిత్తుననెను. రెండవవాడు పదిమంది రాజులను మాత్రము 30,000 రూపాయలకు కొని, చట్రములు కట్టి విడివిడిగా నమ్మెదననెను. తక్కిన 107 ముక్కలు తన కక్కఱలేదట. మొదటివానికంటె ఐదు రెట్లు! డబ్బు అవసరమైన ఇంట ఆ మాట చిన్నది కాదు. కాని రాజులు పోయిన పిమ్మట ఆ సైన్యము దేనికి? పాశ్చాత్యదేశములలో పేకాటకు వాడు పందెపు బిళ్లలను, దంతపు బిళ్లలను సహితము వెలబెట్టి కొను సేకర్తలు కలరు. వారు మొదట అడుగు ప్రశ్న "జత పూర్తిగా నున్నదా?" అనియే. గంజీఫాకును అదియే న్యాయము. విడదీసిన ముక్క బొమ్మ మాత్రమే. కూడియున్న ముక్కలు ఆట.

మూడవవాడు మధురముగా మాటలాడెను. విదేశమున నొకరు ఇంతకు ఎన్నో రెట్లిత్తురనియు, పొట్లముమీద క్రొత్త హస్తకళావస్తువని వ్రాసి పంపినచో చాలుననియు ఫోనులో చెప్పెను. అప్పటికే నేను బందరు రోడ్డుననున్న బాపు మ్యూజియమునకు పోయి వచ్చియుంటిని. 1887లో శంకుస్థాపన జరిగిన ఆ భవనము పూర్వము విక్టోరియా జూబిలీ మ్యూజియమని పిలువబడెడిది; 1921లో పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు జెండాను సమర్పించిన చరిత్ర ఆ యావరణతో ముడిపడియున్నది. పాతవస్తువులు చూచి వచ్చుచుండగా, వానిని గూర్చి చట్ట మేమి చెప్పునో తెలిసికొనవలెనని తోచి, పురావస్తుశాఖలో పనిచేయు నొక అధికారిని దర్శించితిని.

ఆయన యోపికతో విషయమంతయు బోధించిరి. 1972లో చేయబడి 1976లో అమలులోనికి వచ్చిన పురావస్తువుల, కళానిధుల చట్టము ప్రకారము, వందయేండ్లకు తక్కువకాని చిత్రలేఖనములు, శిల్పములు మున్నగునవి పురావస్తువులు. వానిని కేంద్రప్రభుత్వముగాని దాని యనుమతిపొందిన సంస్థగాని తప్ప, ఇతరు లెవ్వరును దేశముదాటించి పంపరాదు. వానితో వ్యాపారము చేయువారికి లైసెన్సు ఉండవలెను. కొన్ని తరగతుల వస్తువులను నమోదు చేయించవలెను. నమోదైన వస్తువు చేయి మారినచో ఆ సంగతి తెలియజేయవలెను. లగ్నపత్రికనుబట్టి మా పెట్టె వందయేండ్లు దాటినదని తేలుచునే యున్నది. కావున మూడవ వర్తకుని మాట వినుట అనగా అబద్ధపు చీటి యంటించి నేరము చేయుటయే. మా అత్తగారితో చెప్పగా, "మనుమరాలి చదువు అబద్ధముతో మొదలుపెట్టుదుమా?" అని ఒక్కమాటతో తీర్పు చెప్పినది.

అధికారిగారు చెప్పిన జాగ్రత్తలుకూడ చెప్పుట మంచిది. ఇట్టి బిళ్లలను నీటితో తుడువరాదు. మెఱయుటకని నూనె రాయరాదు. ఒకదానికొకటి అంటుకొన్నవానిని గోటితో ఊడదీయరాదు. శుభ్రమైన పొడిగుడ్డ పఱచిన పెట్టెలో, ఎండకును తేమకును దూరముగా నుంచవలెను. పోయిన ముక్కలను క్రొత్తగా వ్రాయించి పాతవానిలో కలిపి అమ్ముట మోసము. ఉన్న లోపమును ఉన్నట్లు వ్రాసి యిచ్చుటయే అమ్మువారికి గౌరవము, రక్షణ.

నాలుగు నెలల పిమ్మట తెలిసినవారిద్వారా హైదరాబాదునుండి ఒక సేకర్త వచ్చెను. ఆయన మొదట రాజులను చూడలేదు. లెక్కముక్కలను పేర్చి చూచెను. వెనుకభాగపు రంగును పోల్చెను. లక్క పగిలిన యంచులను భూతద్దముతో పరీక్షించెను. కాగితపు ముక్కలు రెండింటిని వేఱుగా నుంచి, "ఇవి యెవరు చేసిరి?" అని యడిగెను. మా అత్తగారు చెప్పగా, ఆయన వానిని మఱల యథాస్థానమున నుంచి, "ఇవికూడ ఈ పెట్టె చరిత్రయే. తీసివేయను" అనెను. ఆ మాటతో మా అత్తగారి మనస్సు కుదుటపడినది. 85,000 రూపాయలకు బేరము కుదిరినది. ముక్కలు 117, వానిలో తరువాత చేర్చినవి 2, లేనివి 3, వాని పేర్లు, విడదీసి అమ్మబోననియు దేశము దాటింపననియు కొన్నవాని యంగీకారము అన్నియు కాగితముమీద వ్రాయించితిమి. సొమ్ము మా అత్తగారి బ్యాంకు ఖాతాలోనే పడినది. అధికారిగారు చెప్పినట్లు నమోదు పత్రములును పూర్తిచేసితిమి.

పెట్టె నప్పగించుటకు వారముదినముల వ్యవధి యుండెను. ఆ వారమున ముక్కలన్నిటికిని ఫోటోలు తీసితిమి. లేని మూడింటికి అట్టముక్కలు కత్తిరించి, మా అత్తగారు నేర్పగా, నేనును, ఆ పిల్లయు ఆమెతో కూర్చుండి ఆడితిమి. పగలు రాముని ముక్క గలవారు ఆట మొదలుపెట్టవలెను. రాత్రి యైనచో కృష్ణుని ముక్క గలవారు. ఐదు రంగులలో పది పెద్దది, ఒకటి చిన్నది. తక్కిన ఐదింట ఒకటియే పెద్దది, పది చిన్నది. పెద్దముక్క వేసినవారిది పట్టు. ఏ ముక్కలు వెళ్లినవో, ఏవి మిగిలినవో మనస్సులో నుంచుకొన్నవారికే గెలుపు. ఆమె పుట్టింట మధ్యాహ్నభోజనము లైన తరువాత వామనగుంటలతోబాటు ఇదికూడ ఆడెడివారట. పందెము చింతగింజలు. ఓడినవారు మఱునాటి పప్పు విసరవలెను. ధర్మరాజు పణముగా పెట్టినవానితో పోల్చిన, ఈ పందెము ఇల్లు కూల్చునది కాదు.

డెబ్బదియెనిమిదేండ్ల ముదుసలికి నిన్న తిన్న కూర జ్ఞప్తియుండదని మేము నవ్వుచుందుము. కాని ఆ వారము ఆమె నన్నొక్క యాటయు గెలువనీయలేదు. పిల్ల చివరిదినమున ఒకమారు గెలిచినది. ఆ గెలుపునకు నిజముగా కారణము తన నేర్పో, అవ్వ చేయి జాఱవిడుచుటయో నే నడుగలేదు.

సోదరీమణులారా! మన యిండ్లలో అటకమీదను, పాతపెట్టెలలోను ఇట్టివి యేమేమి కలవో తీఱికగా చూడుడు. వస్తువుతోబాటు దాని చీటినికూడ భద్రపఱచుడు; చీటి లేనిచో పెద్దలను అడిగి ఇప్పుడే వ్రాసికొనుడు. ఎవరి వస్తువో వారి చేతనే తీర్పు చెప్పించుడు. వెల తెలియకమునుపు ఎవరికిని ఇయ్యకుడు. తెలిసిన పిమ్మట జతను విడదీయకుడు. అమ్మకతప్పని యవసరము వచ్చినపుడు సిగ్గుపడవలసినపని లేదు. వస్తువులు మనుష్యుల కొఱకే గదా!

పిల్ల కళాశాలలో చేరినది. మొదటి సంవత్సరపు రుసుమును, పుస్తకములును, తెల్లని దుస్తులును ఆ సొమ్ములోనే కుదిరినవి, కొంత మిగిలినది. 1912 నాటి సారె జాబితాను మా అత్తగారు అమ్మలేదు. అందు "గంజీపా పెట్టె 1" అను పంక్తికి ప్రక్కన నున్న ఖాళీలో, అమ్మిన తేదీని, వచ్చిన సొమ్మును, "మనుమరాలి చదువునకు" అను మాటను ఆ పిల్లచేతనే వ్రాయించి, మఱల పసుపుగుడ్డలో చుట్టి దాని చేతి కిచ్చినది.